పదకొండుసార్లు ఊఁ

అయినా ఊఁ అనడం మాట్లాడటం కిందికి వస్తుందా అని ఆలోచిస్తూ చింతపండు పిసుకుతున్నాను. పులుసు ముందే కాచి పెట్టుకుంటే శనివారం పులిహోర పని కొంత తగ్గుతుంది. ఆ రోజు తన ఆఫీసు వాళ్లు నలభై మంది మా ఇంటికి భోజనానికి వస్తున్నారని మా ఆయన జితేందర్ పొద్దున్న చెప్పాడు. "నిన్ననే అడిగిన కద మీనా, ఊఁ అన్నవు," అన్నాడు షూ లేసులు కట్టుకుంటూ. నిన్న అతను అడిగినప్పుడు నేను సింక్ దగ్గర గిన్నెలు తోముతున్నాను. నీళ్ల చప్పుడులో అతని గొంతు వినబడింది. వింటున్నాననడానికి ఒక శబ్దం చేశాను. అది నలభై మందికి భోజనమైంది.

పెళ్లీ అలాగే అయింది. నాన్న ఫోన్‌లో సంబంధం వివరాలు చెబుతుంటే పరీక్ష హాలు బయట నిలబడి ఊఁ కొట్టాను. సాయంత్రానికి ముహూర్తాలు చూసేశారు. "మా కోడలు దేనికీ ఎదురు చెప్పదు, ఏమడిగినా ఊఁ అంటది" అని అత్తగారు చుట్టాలకు గొప్పగా చెప్పుకుంటారు. మంచం మీద కూడా అంతే. సగం నిద్రలోంచి వచ్చిన శబ్దాన్ని జితేందర్ ఒప్పుకోలుగా తీసుకున్న రోజులున్నాయి. మర్నాడు నేనూ అలాగే సర్దిచెప్పుకునేదాన్ని, అన్నాను కదా అని.

చేతులు కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్‌లోని మా కంపెనీ ఫ్యాక్టరీ కార్మికులకు పని నేర్పే ఏఐ టీచర్‌ను తయారు చేస్తుంది. ఏడాది క్రితం వియత్నాంలో, హోచిమిన్ సిటీ దగ్గరి ఒక చెప్పుల ఫ్యాక్టరీ దాన్ని తీసుకుంది. టాబ్లెట్‌లోంచి ఒక ఆడగొంతు వాళ్ల భాషలో పాఠం చెప్పి, ప్రతి ముక్క చివరా అర్థమైందా అని అడుగుతుంది. కార్మికులు ఏమంటే దాన్ని ఎలా లెక్కలోకి తీసుకోవాలో ఆ టీచర్‌కి నేర్పే పట్టిక నేను రాశాను. తొంభై ఎనిమిది శాతం మందికి పాఠం అర్థమైందని తేలినప్పుడు ఆఫీసులో కేక్ కోశారు. కేక్ పళ్లాలు ఎత్తి, బల్ల తుడిచింది నేనే.

పోయిన నెల అక్కడ లియెన్ అనే ఇరవై మూడేళ్ల అమ్మాయి, చెప్పుల అట్టలు కత్తిరించే ప్రెస్‌లో ఇరుక్కున్న ముక్కను మిషన్ ఆపకుండా తీయబోయింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ముందు మిషన్ ఆపమని పాఠంలో పదకొండు చోట్ల ఉంది. అర్థమైందా అన్న ప్రతిసారీ ఆమె వాళ్ల భాషలో "యా" అంది. నా పట్టికలో యా ఎదురుగా అవును అని ఉంది. తెలిసే చేసింది కనక తప్పు ఆమెదేననీ, పనిలోంచి తీసేస్తామనీ ఫ్యాక్టరీ అంటోంది. శిక్షణ సరిగ్గానే జరిగిందని ఈ మధ్యాహ్నంలోగా నేను ధ్రువీకరించాలి.

నిన్న సాయంత్రం ఆ ఫ్యాక్టరీలో దుబాసీగా పనిచేసే మై ఫోన్ చేసింది.

"మేడమ్, యా అంటే అవును అని కూడా. కానీ ముందు అది మర్యాద. అమ్మ పిలిస్తే యా అంటాం. తిట్టినా యా అంటాం."

"మరి అర్థం కాకపోతే ఏమంటారు?"

"యా అనే అంటాం," అని చిన్నగా నవ్వింది.

ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే. ఆ పట్టిక ఇంకెవరైనా రాసి ఉంటే తెలియక రాశారనుకుందును. నిఘంటువులో మొదటి అర్థం చూసి నేను రాశాను. నాకు తెలియకపోవడమేమిటి?

పదకొండు గంటలకు మా మేనేజర్ రష్మి ఫోన్ చేసింది. "ఇంకా సైన్ ఆఫ్ చెయ్యలేదేంటి మీనాక్షీ?"

"పట్టికలో తప్పుందండి. ఆ అమ్మాయి వింటున్నానని అంది, అంతే."

"ఇప్పుడా గుర్తొచ్చింది? టేబుల్ నీది, దాని మీద పేరు నీది. అది తప్పంటే అందరి రిజల్ట్సూ పోతాయి, వాటితో పాటు క్లయింట్ కూడా. నీ హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ వచ్చే నెలే కదా? నేనైతే సైన్ చేసి లంచ్‌కి పోతాను. చేసేస్తావుగా?"

శబ్దం గొంతు దాకా వచ్చింది. పెదవులు బిగించాను.

"లైన్‌లో ఉన్నావా?"

"ఉన్నానండి."

"గుడ్. థాంక్స్," అని పెట్టేసింది.

లియెన్ రికార్డింగ్ విన్నాను. మొదటి యా బడిపిల్ల హాజరు పలికినట్టుంది. ఆరో దాని వెనక మిషన్ల హోరులో పాఠం నాకే సరిగ్గా వినబడలేదు. పదకొండోది ఊపిరి మాత్రమే. ఆ టాబ్లెట్ ముందు ఆమె ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో.

పట్టిక తెరిచాను. యా ఎదురుగా ఉన్న అవును కొట్టేసి, వింటున్నాను అని రాశాను. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ మార్పు వల్ల నాలుగు వేల రెండు వందల మంది ఫలితాలు రద్దవుతాయి, మీకు సమ్మతమేనా అని. కింద రెండు గళ్లున్నాయి.

ఆ ప్రశ్నను రెండుసార్లు చదివాను. అవును మీద నొక్కాను.