మేనేజరు మీద చాడీలు

ఇంట్లో పిల్లుల కెఫే పెట్టాలన్న ఆలోచన ఇంటావిడది. పిల్లుల్ని తెచ్చేదీ ఆవిడే. ఇంటాయన పెట్టింది మాత్రం ఒక్కటే, రూలు.

"ఈ ఇంట్లో ఏ పిల్లీ మనది కాదు" అన్నదే ఆ రూలు. మురిక్కాలవల పక్కనుంచీ, ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇళ్ళలోంచీ ఆవిడ ఏరుకొచ్చిన పిల్లులకు ఒళ్ళు బాగుచేసి, నాలుగు ముద్దలు పెట్టి, బొద్దుగా తయారు చేసి ముందుగదిలో వదలాలి. వచ్చినవాళ్ళు టీ తాగుతూ వాటితో ఆడుకుంటారు. మనసైన వాళ్ళు పెంచుకోవడానికి పట్టుకెళ్తారు. ఆ ఖాళీలోకి మరోటి వస్తుంది. ఒక్కదాన్ని మనదని అట్టే పెట్టుకున్నామా, రెండోదీ మనదే అవుతుంది, ఆ తర్వాత మనమే అరుగు మీద పడుకోవాలి అని ఆయన వాదన. బతుకంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఇంతమందికి మించి ఎక్కరాదని ప్రతి లిఫ్టులోనూ రాసి ఉంటుంది, కొంపకు మాత్రం లెక్క ఎందుకుండకూడదు? ఇంటావిడ వాదన పెట్టుకోలేదు. సరేనంది. ఆవిడ సరేనంటే ఇక దాని మీద మాట ఉండదు.

రూలు పెట్టాడు కదా అని ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. పిల్లులు వీధిలోకి జారిపోకుండా గుమ్మానికి రెండు తలుపులు బిగించాడు. ఒకటి మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. కిటికీలకు జాలీలు కొట్టాడు. గోడ పొడుగునా చెక్క బల్లలు మెట్లుగా వేశాడు. అంతటితో చెయ్యి ఊరుకోక, పళ్ళ దుకాణం చెక్కపెట్టె ఒకటి తీసుకుని, దానికి కప్పీ, తాడూ తగిలించి, నేల మీది నుంచి అటక మీదికి బుల్లి లిఫ్టు కూడా కట్టాడు. తొమ్మిది పిల్లుల్లో ఎనిమిది దాన్ని వాసన చూసి పక్కకు తప్పుకున్నాయి. ఎక్కి కూర్చున్నది మేనేజరు ఒక్కడే.

మేనేజరు సంగతి చెప్పాలి. ఇంటాయన ఉద్యోగం ఇంకొన్ని రోజుల్లో ముగుస్తుందనగా ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు కింద గుంటలో దొరికాడు. ఒళ్ళంతా గ్రీజు, ఒక చెవి సగమే. పనిముట్ల సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చి, "నాలుగు రోజులుంచి ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు ఇంటాయన. గ్రీజు వదిలాక చూస్తే పసుపురంగు పిల్లి. తోక నిటారుగా లేపుకుని ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి అందరూ పనిలో ఉన్నారో లేదో చూసేవాడు, తను మాత్రం పూచికపుల్ల కదిపేవాడు కాదు. అందుకే ఆ పేరు.

ఆ నాలుగు రోజులు గడిచి చాలా కాలమైంది. ఇంటాయనకు వాడంటే ప్రాణం. ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు, చెప్పే దారీ లేదు. రూలు తనదాయె. పైగా ఆ ముక్క గట్టిగా, పదిమందిలో, వేలెత్తి మరీ చెప్పిన రూలు. దాన్ని తనే మింగాలంటే గొంతుకు అడ్డం పడదూ?

కాబట్టి ఆయన చాడీల్లోకి దిగాడు. ఎవరైనా మేనేజరు వైపు ముద్దుగా చూస్తే చాలు, టీ పళ్ళెం పట్టుకుని అక్కడికి చేరిపోయేవాడు. కొత్త బట్టలతో వచ్చినవాళ్ళకు బొచ్చు రాలుతుందని చెప్పేవాడు. చంటిపిల్లలున్నవాళ్ళకు గోళ్ళ గురించీ, ఇంట్లో సోఫా ఉందన్నవాళ్ళకు సోఫా గురించీ చెప్పేవాడు. మనిషిని చూసి చాడీ. ఒకతను ఏ చాడీకీ లొంగకపోతే, "మందు వాసన పడదు దానికి, మీద పడిపోతుంది" అన్నాడు. ఆ మనిషి నోరు మూసుకుని మరీ వెళ్ళిపోయాడు. మేనేజరు ఇవన్నీ వింటూ ఆయన కాలికే ఒళ్ళు రాసుకుంటూ ఉండేవాడు. ఇంటాయనకు లోపల చివుక్కుమనేది. అయినా నోరు ఆగేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. పొట్టి మనిషి, పెద్ద సంచీ, చేతి మీద ఆరిపోయిన నీలం రంగు మరక. ఇదివరకు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. ఇవాళ ఒకదాన్ని తీసుకెళ్ళడానికే వచ్చానని గుమ్మంలోనే చెప్పింది. కిటికీ పక్కన కూర్చుందో లేదో, మేనేజరు తిన్నగా వెళ్ళి ఆవిడ సంచీ మీద ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడా చోటు లేనట్టు! ఇంటాయన గబగబా పళ్ళెం అందుకున్నాడు.

"దాన్ని నమ్మకండమ్మా. కొరుకుతుంది" అన్నాడు కప్పు పెడుతూ.

"మా క్లాసులో ఇద్దరున్నారండీ కొరికేవాళ్ళు. ఒకడైతే చెప్పి మరీ కొరుకుతాడు" అంది టీచరమ్మ.

"చెప్పుల్లో పోస్తుంది."

"చెప్పుల్లోనేనా? నయం. మావాళ్ళు నా ఒళ్ళోనే."

ఇంటాయన పళ్ళెం రెండో చేతికి మార్చాడు. "పెట్టింది తినదు. సగం తిని సగం కక్కుతుంది."

"నేను రోజూ చూసేది అదే బాబాయిగారూ" అని ఆవిడ మేనేజరు గడ్డం కింద గోకింది. వాడు సిగ్గూ ఎగ్గూ లేకుండా కళ్ళు మూసుకున్నాడు.

"రాత్రంతా గుర్రుగుర్రుమంటూనే ఉంటుంది. నిద్ర ఉండదు ఇంక మీకు."

అది ఆయన దగ్గరున్న ఆఖరి అస్త్రం. టీచరమ్మ మేనేజరు ముఖంలోకి జాలిగా చూసింది. గెలిచాననుకున్నాడు ఇంటాయన. తేలిగ్గా ఊపిరి వదిలి వంటింటి వైపు రెండడుగులు వేశాడో లేదో, వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"పిన్నిగారూ! నేను వీణ్ణే తీసుకెళ్తానండీ. ఇన్ని అవలక్షణాలున్నవాణ్ణి ఇంకెవరు తీసుకుంటారు పాపం?"

ఇంటావిడ కప్పులు తుడుస్తున్న గుడ్డతోనే వచ్చింది. "అవలక్షణాలా? వీడికా?"

"కొరుకుతాడట కదా. చెప్పులు పాడుచేస్తాడట, తిన్నది కక్కుతాడట..."

"ఎవరన్నారు?"

టీచరమ్మ జవాబు చెప్పక్కర్లేకపోయింది. ఇంటాయన పళ్ళెంలో ఏముందో ఎన్నడూ చూడనట్టు అందులోకే చూస్తున్నాడు.

"ఏమండీ" అంది ఇంటావిడ. "నిజంగా కొరుకుతున్నాడా? అయితే ఇక నుంచి వాణ్ణి ముందుగదిలోకి వదలడానికి లేదు. పిల్లలొచ్చే చోటు. పెరటి గదిలో బోనులో పెట్టి డాక్టరుకు చూపించాలి. కొరికాడా లేదా, అది చెప్పండి."

అవునంటే బోను. కాదంటే టీచరమ్మ సంచీ. ఇంటాయన రెండువైపులా చూశాడు. అమాయకుణ్ణి బోనులో పెట్టించేంత గట్టిది కాదు ఆయన గుండె.

"లేదు" అన్నాడు.

"చెప్పుల్లో?"

"లేదు."

"రాత్రంతా గుర్రు?"

"అది నాది."

టీచరమ్మకు టీ పొలమారింది. ఇంటావిడ నవ్వలేదు. "మరెందుకు చెప్పారలా?" అని అడిగింది. పరాయిమనిషి ముందు ఏమని చెబుతాడు? "ఊరికే" అన్నాడు. "ఊరికేనా! అయితే ఇబ్బందేముంది, తీసుకెళ్ళమ్మా, బంగారం లాంటి పిల్లి" అని ఇంటావిడ అటక కింద నుంచి మూత బుట్ట తీసి ఆయన చేతికే ఇచ్చింది.

చేతికే ఎందుకంటే, ఆవిడకూ ఒక పద్ధతుంది. ఏ పిల్లిని ఎవరు ఇంటికి తెచ్చారో వాళ్ళే దాన్ని అప్పగించాలి. ఒళ్ళో పెట్టుకుని, అది ఏం తింటుందో, దేనికి జడుస్తుందో, ఎక్కడ గోకితే మురుస్తుందో అన్నీ విప్పి చెప్పి, ఆ తర్వాతే బుట్టలో పెట్టాలి. ఇన్నాళ్ళూ తెచ్చిందంతా ఆవిడే కాబట్టి చెప్పిందీ ఆవిడే. ఇంటాయన వంతు ఇదే మొదలు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మేనేజరు పిలవకుండానే ఒళ్ళోకి వచ్చాడు.

"పొద్దున్నే నేను గడ్డం గీసుకుంటుంటే అద్దం ముందు బల్ల మీద కూర్చుంటాడు. నురగ కొంచెం ముక్కుకు రాయాలి. లేకపోతే అలుగుతాడు."

"నాకు గడ్డం లేదు కదండీ" అంది టీచరమ్మ మెల్లగా.

"అవునవును. తర్వాత పేపరు. పేపరు మీదే పడుకుంటాడు. లేచేదాకా పేజీ తిప్పకూడదు. నేను ఆ పేజీయే మళ్ళీ మళ్ళీ చదువుతుంటాను. ఆ తర్వాత లిఫ్టు. తాడు నెమ్మదిగా లాగాలమ్మా, కుదుపు ఉండకూడదు. పైన కాసేపు అటు చూసి ఇటు చూసి, పెట్టెను పంజాతో తడతాడు. అప్పుడు దించాలి. మీ ఇంట్లో అటక ఉందా?"

"ఒకటే గదండీ మాది."

"పోనీలే. మధ్యాహ్నం నా పనిముట్ల సంచీలో నిద్ర. ఇంకెక్కడ పడుకోబెట్టినా లేచిపోతాడు. ఆ సంచీ ఇచ్చేస్తాను, పట్టుకెళ్ళండి. ఉరిమితే మాత్రం సంచీ చాలదు. చొక్కా లోపల పెట్టుకోవాలి. లిఫ్టు కింద ఉన్నప్పుడు ఆ చప్పుడు..." మాట ముగించకుండానే వాడి సగం చెవి నిమిరాడు ఇంటాయన.

టీచరమ్మ కప్పు కింద పెట్టింది. "బాబాయిగారూ, ఇవి పిల్లి అలవాట్లు కావండీ. మీరిద్దరూ కలిసి బతికే తీరు. దీంట్లోంచి వాణ్ణొక్కణ్ణే నేనెలా పట్టుకెళ్ళను?"

ఇంటాయన తలెత్తి భార్య వైపు చూశాడు. చాడీలకు అంత చురుగ్గా ఆడిన నోరు, ఉన్నమాట చెప్పడానికి తడబడింది.

"నాకు వీడు కావాలి. రూలు పెట్టింది నేనే, తెలుసు. సిగ్గు విడిచి అడుగుతున్నాను. వీణ్ణి పంపలేను."

ఇంటావిడ ఆయన చేతిలోంచి బుట్ట తీసుకుంది. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. టీచరమ్మ వైపు తిరిగి, "ఇంకోదాన్ని చూస్తావా అమ్మా?" అని మాత్రం అడిగింది.

టీచరమ్మ బల్ల కిందికి వంగింది. అక్కడ ఎవరు చెయ్యి చాపినా, గాటు పడకుండా ఆటకు పళ్ళతో పట్టుకునే నల్లపిల్లి ఒకటుంది, చీమ అంటారు దాన్ని. వచ్చినప్పుడే ఆవిడ వేలు ఒకసారి పట్టుకుంది. "ఇది నిజంగానే కొరుకుతుంది కదండీ? అయితే మా క్లాసు పిల్లే" అంది. ఇంటావిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండుసార్లు కొరికించుకుని, దాని సంగతులన్నీ తీరిగ్గా చెప్పి బుట్టలో పెట్టింది. ఒక తలుపు మూసుకుని, రెండో తలుపు తెరుచుకుని, టీచరమ్మ బుట్టతో మాట్లాడుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయింది.

ఇంటాయనకు ఎగిరి గంతెయ్యాలని ఉంది. కానీ ఇంటావిడ ఏమీ అనకుండా కప్పులు కడుగుతోంది. మేనేజర్ని భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"కోపమా?"

"కోపమెందుకు? ఉంచుకోండి. వాడు మీవాడని నాకెప్పుడో తెలుసు. మీ చొక్కాలకు వాడి ముక్కు పూసే ఆ నురగ మరకలు ఉతికేది నేనేగా."

"మరి?"

ఆవిడ చేతిలో కప్పును కాసేపు తిప్పింది. "వెన్నముద్ద గుర్తుందా?"

గుర్తుంది. తెల్లపిల్లి. కళ్ళు తెరవకముందే చెత్తకుండీ పక్కన దొరికింది. చుక్కలమందు వేసే గొట్టంతో పాలు పట్టి పెంచింది ఇంటావిడ. ఆవిడ మెడ మీదే పడుకునేది. పెద్దదయ్యాక వెనకవీధి మందుల షాపాయన తీసుకెళ్ళాడు.

"ఆ రోజు నేనూ ఇలాగే చెప్పానండీ, ఒళ్ళో పెట్టుకుని. చెప్పడం ఆపితే ఇచ్చెయ్యాలి కదా, అందుకని చెబుతూనే ఉన్నాను. మీరు లోపల్నుంచి, 'ఏమోయ్, పురాణం ఇంకా అవలేదా?' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఇచ్చేశాను."

అన్న సంగతి ఆయనకు జ్ఞాపకమే. బాగా పేలిందని అప్పుడు సంతోషించాడు కూడా. భుజం మీది పిల్లి ఒక్కసారిగా బరువెక్కింది.

"ఆ రోజు నేనూ, నాకు ఇది కావాలి అని మిమ్మల్ని అడిగుంటే, ఉంచుకోమనేవారా?" అని అడిగింది ఆవిడ. నిష్ఠూరం లేదు గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

అనేవాణ్ణని చెబితే పోయేది. కానీ ఆ రోజుకు ఆడాల్సిన అబద్ధాలన్నీ అయిపోయాయి.

"అనేవాణ్ణి కాదు" అన్నాడు ఇంటాయన. "నీ మొహం కూడా చూసి ఉండను. తప్పు నాదే. పోనీ ఇప్పుడు చెప్పు, ఈ ఇంట్లో నీకేది కావాలో చెప్పు. రూలు లేదు, ఏం లేదు."

"నాకు కావాల్సింది వెళ్ళిపోయిందండీ."

మేనేజర్ని కిందికి దించాడు. దించి, ఆవిడ చేతిలో కప్పు తీసి పక్కన పెట్టాడు. "వెనకవీధే కదా. రేపు సోమవారం, కెఫేకు సెలవు. ఒకసారి వెళ్ళి చూసొద్దాం."

"అమ్మో, వద్దు. చూస్తే ఎత్తుకొచ్చేస్తాను. అది అక్కడ హాయిగా ఉంది, పాపం వాళ్ళకూ అదంటే ప్రాణమట. ఆ భయానికే కదా నేను మందులు కూడా అంత దూరం వెళ్ళి కొనుక్కొస్తున్నది."

ఈ సంగతి ఇంటాయనకు ఇప్పుడే తెలిసింది. వెనకవీధిలోనే మందుల షాపు ఉండగా ఈవిడ బస్సెక్కి ఎందుకు వెళ్తోందని ఒక్కనాడు కూడా అడగలేదు.

"నేనొస్తాగా" అన్నాడు. "నువ్వు ఎత్తుకుంటే నేను ఆపుతాను."

"మీరా! ఆపేది!" అని ఇంటావిడ ఆయన వైపూ, చొక్కా నిండా అంటుకున్న పసుపు బొచ్చు వైపూ చూసి పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఒత్తుకుంటూనే ఉంది.

"నవ్వేనా?" అని దగ్గరికి వచ్చి అడిగాడు ఇంటాయన.

"కాదు" అంది ఆవిడ. ఆయన పక్కనే నిలబడ్డాడు, తొందర పెట్టలేదు.