కర్త లేని వాక్యం

ఇంకాసేపట్లో టీవీవాళ్ళు వస్తారు. ప్రత్యక్ష ప్రసారం. మా బావమరిది కాలుగాలిన పిల్లిలా వర్క్‌షాపులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతను పిల్లల ఉయ్యాలలు తయారుచేస్తాడు. పోయిన వారం ఒక పార్కులో అతని ఉయ్యాల గొలుసు తెగి ఓ పాప చెయ్యి విరిగింది. ఈరోజు మాట తడబడితే అతని దగ్గర ఉయ్యాలలు కొనే బడులన్నీ అతన్ని వదులుకుంటాయి. వర్క్‌షాపుకు తాళం పడుతుంది.

నేను బడిలో వ్యాకరణం చెబుతాను. అందుకే మాటలు నేర్పమని పిలిచాడు.

“ఆ చేతులు దించరా. ట్రాఫిక్ పోలీసులా ఏమిటా ఊపడం?”

“దించితే ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు బావా.”

“జేబులో పెట్టుకో.”

“ఏదో దాచినట్టుండదూ?”

“అయితే ఆ గొలుసు పట్టుకో.”

పట్టుకున్నాడు. అది గలగలమంది. వదిలేశాడు.

నేను విలేకరిలా అడిగాను. “గొలుసులు ఎవరు పరీక్షిస్తారు?”

“పరీక్షించడం జరుగుతుంది.”

ఆ వాక్యం నేను రాసిచ్చిందే. బడిలో పిల్లలు అలా రాస్తే పక్కన ‘కర్త ఎవరు?’ అని ఎర్రసిరాతో రాస్తాను.

పరీక్షించేది వాళ్ళక్క, నా భార్య. బిగించిన ప్రతి ఉయ్యాలలోనూ కూర్చుని, కాళ్ళెత్తి ఊగి చూసేది. “నన్ను మోసిందంటే ఏనుగునైనా మోస్తుంది” అని నవ్వేది. ఆమె లేని ఈ కొన్ని నెలల్లో ఎవరూ కూర్చోలేదు. తెగిన ఉయ్యాల ఈమధ్య బిగించిందే.

“ఎవరు చేస్తారని మళ్ళీ అడిగితే?”

“అడగరు.”

“నువ్వయితే అడుగుతావు. మీ పెళ్ళయిన కొత్తలో ‘భోజనం చేయడం జరిగింది’ అన్నానని, ‘నేను తిన్నాను’ అనేదాకా నన్ను లేవనిచ్చావా?”

“అక్క మాట టీవీలో వద్దురా” అన్నాను.

అతను నావంక చూశాడు. బయట కారు ఆగింది.

విలేకరి చిన్న వయసు అమ్మాయి. కెమెరా లైటు వేయించి, మైకు అతని ముందు పెట్టి, తొలి ప్రశ్నగానే గొలుసులు ఎవరు పరీక్షిస్తారని అడిగింది.

“పరీక్షించడం...” ఆగిపోయాడు. చెయ్యి గొలుసు వెతుక్కుంది. “మా అక్క చూసేదండీ. అక్క పోయింది. తర్వాత నేను చూడాలి. చూడలేదు.”

“మరి ఇప్పటికే బడుల్లో ఉన్నవి?”

“అన్నీ వెనక్కి తెస్తాను. ఒక్కోదాంట్లో నేనే కూర్చుని చూసి ఇస్తాను.”

వాళ్ళు వెళ్ళాక గోడకు చేరగిలబడ్డాడు. “ముంచేశానా బావా?”

అంతలో అతని ఫోను మోగింది. అతను తియ్యలేకపోయాడు. నేను తీశాను. ఒక బడి పెద్దపంతులమ్మ. మాట్లాడేది అతను కాదని చెప్పాను.

“మా ఉయ్యాలలు తీసుకెళ్ళండి. చూశాక మళ్ళీ మీరే తెచ్చి బిగించాలి.” ఆపైన అడిగింది. “ఇదివరకు వాళ్ళక్క చూసేవారట, ఆవిడ మీకేమవుతారండీ?”

ఇన్ని నెలల్లో నన్నెవరూ అలా సూటిగా అడగలేదు.

“నా భార్యండీ” అన్నాను. “పోయింది.”

వెనకాల బావమరిది ఉయ్యాలలో కూర్చుని, కాళ్ళెత్తాడు. గొలుసు గలగలమంది. ఆగింది. మళ్ళీ గలగలమంది.