రోడ్డు మీద తిన్న బువ్వ

కోపంతో చేసిన మంచి పని దేవుడి లెక్కలోకి వస్తుందా, రాదా? ఈ అనుమానం కిషన్‌ను ఏళ్ల తరబడి విడవలేదు. పొద్దున్నే స్నానం చేసి, బంజారాల గురువు సేవాలాల్ మహరాజ్ పటానికి దండం పెట్టి, ఆ తర్వాతే సబ్‌స్టేషన్ డ్యూటీకి పోయే మనిషి ఆయన. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. మహబూబాబాద్‌లో ఆయన కింద పనిచేసేవాళ్లు, "మా సారుకు కోపం నరమే లేదు" అని నవ్వుకుంటారు. ఆ నరం ఒకే ఒక్కసారి తెగిందని వాళ్లకు తెలియదు. అది తెగింది తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె నాడు, భూపాలపల్లి దగ్గరి ఒక బొగ్గు యార్డులో.

అప్పటికి కిషన్ డిప్లొమా విద్యార్థి. గూడూరు అవతల ఉన్న వాళ్ల లంబాడీ తండా నుంచి ఇంజనీరింగు చదువుకు పోయిన మొదటివాడు. ఆ చదువులో ఒక ఏడాది ఎక్కడైనా పనిలో ఉండి నేర్చుకోవాలి. ఏడాది చివర అక్కడి ఇన్‌చార్జి సంతకం పెడితేనే డిప్లొమా. లేకపోతే ఆ ఏడాది లేనట్టే. కాలేజీవాళ్లు అతన్ని ఒక కాంట్రాక్టు కంపెనీ యార్డుకు పంపారు. బాయిల నుంచి, అంటే గనుల నుంచి వచ్చిన బొగ్గును అక్కడ నలగ్గొట్టి, రబ్బరు బెల్టు మీద నడిపించి, లారీలకు ఎత్తుతారు. కొడుకు యంత్రాల దగ్గరికి పోతున్నాడని తల్లి చంద్రి నిప్పుల్లో నెయ్యి, బెల్లపన్నం వేసి అమ్మవారికి భోగ్ పెట్టింది.

అక్కడి ఇన్‌చార్జి మూర్తి కోస్తా నుంచి వచ్చినవాడు. మొదటి రోజే అడిగాడు.

"ఏ ఊరయ్యా నీది?"

"గూడూరు దగ్గర తండా సార్."

"తండానా? అయితే సారా బాగా కాస్తారన్నమాట. మాకు చాయ్ కాస్తే చాల్లే."

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ మాట సరదాకు అన్నదనుకున్నాడు కిషన్. కాదు. ఆ రోజు నుంచి అతని శిక్షణ అదే. ఆఫీసుకు చాయ్, మూర్తి ఇంటికి కూరగాయలు, ఆయన పిల్లల పుస్తకాలకు అట్టలు. మోటార్లు నడిపే పానెల్ గదిలోకి పోతే, "చెయ్యి పెట్టకు, కాలిపోతే మీ నాన్న కడతాడా?" అనేవాడు. బయటి నుంచి ఎవరైనా వస్తే కిషన్‌ను పిలిచి, "ఏదీ, ఆ 'గిట్ల' అన్న మాట ఒకసారి అను, వీళ్లు వినలేదట" అనేవాడు. కిషన్ అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు.

గదికి వచ్చాక ఓపిక ఇవ్వమని సేవాలాల్‌కు మొక్కుకునేవాడు. ఓపిక వస్తూనే ఉండేది. అది దేవుడిచ్చిందో, సంతకం భయం ఇచ్చిందో అతనికి తెలియదు.

బెల్టు నడిపే ఆపరేటర్ బిక్షపతి ఒక్కడే అతన్ని పానెల్ గది అద్దం పక్కన నిలబడనిచ్చేవాడు. "చూడు బిడ్డా. చూసినందుకు బిల్లు ఎయ్యరు" అనేవాడు. అలా చూసీ చూసీ ఏ బటన్ ఎందుకో కిషన్ తెలుసుకున్నాడు.

పది నెలలు గడిచాయి. సమ్మె మొదలైంది. బాయిలు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. యార్డులో బిక్షపతితో సహా అందరూ పని వదిలి రోడ్డెక్కారు. కంపెనీకి మాత్రం కుప్ప పోసి ఉన్న పాత బొగ్గును లారీలకు ఎత్తాలన్న తొందర. ఆ పొద్దున మూర్తి కిషన్‌కు మొదటిసారి కుర్చీ చూపించాడు.

"కూర్చోవయ్యా ఇంజనీరూ. ఇవాళ్టి నుంచి పానెల్ నీదే. చాయ్ సంగతి వదిలెయ్. రెండు నెలలైతే నీ సంతకం పెట్టాల్సింది కూడా నేనే కదా."

కిషన్ పచ్చ బటన్ నొక్కాడు. అవతల పొడవాటి బెల్టు కదిలింది. అబద్ధమెందుకు, ఆ క్షణం అతని ఛాతీ పొంగింది. పది నెలలు ఎదురుచూసిన బటన్ అది. తర్వాత కిటికీలోంచి చూస్తే గేటు బయట బిక్షపతి నిలబడి ఉన్నాడు. కదులుతున్న బెల్టునే చూస్తున్నాడు. పొంగిన ఛాతీలో ఏదో గుచ్చుకుంది.

మధ్యాహ్నం క్యాంటీన్ మూసి ఉంది. గేటు ముందు రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు. మూడు రాళ్ల మీద పెద్ద గంజు. ఇంటింటివాళ్లు పిడికెడు బియ్యం తెచ్చి అందులోనే పోస్తున్నారు. ఎవరి బియ్యం ఎవరివో తెలియకుండా ఉడికిన అన్నాన్ని అక్కడే రోడ్డు మీద వరుసగా కూర్చుని తింటున్నారు. ఆకలి తోసుకొస్తే కిషన్ గేటు దాటాడు. నెత్తిన కంపెనీ పసుపు హెల్మెట్ ఉన్న సంగతే మరిచిపోయాడు.

"హెల్మెట్ దొర వచ్చిండు, కుర్చీ ఎయ్యుండ్రి" అన్నారెవరో. నవ్వులు.

బిక్షపతి తల ఎత్తాడు. "నా బెల్టు మంచిగ నడుస్తుందా బిడ్డా?"

"అన్నా, నా సంతకం..."

"నా కొలువు మాత్రం దేని మీదున్నదిరా? గాయన సంతకం మీదనే."

అన్నం వడ్డిస్తున్న బిక్షపతి భార్య రాధమ్మ గరిటె ఎత్తి అడ్డం వచ్చింది. "బువ్వ కాడ పంచాయితి పెట్టకు. కూసో బిడ్డా. బియ్యం ఏసినవా?"

"లేదక్కా."

"అందరు పిడికెడు పిడికెడు ఏసిండ్రు. నువ్వొక్కనివే ఉత్త చేతులతోని వచ్చినవు. నాకు బాకీ పడ్డవు, యాదికుంచుకో."

ఇస్తరి వేసింది. వేడి అన్నం, పప్పుచారు. బిక్షపతి తన ఉల్లిగడ్డను సగం చేసి కిషన్ ఇస్తరిలో పడేశాడు.

తిరిగి వచ్చేసరికి మూర్తి పానెల్ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా చూసినట్టున్నాడు.

"ఏరా, రోడ్డు మీద అడుక్కుతినేవాళ్లతో కూర్చుని మెక్కి వస్తున్నావా? మా ఉప్పు తింటూ వాళ్ల పంక్తిలో కూర్చుంటావా?"

అక్కడ తెగింది ఆ నరం.

"మీ ఉప్పు ఎన్నడు తిన్న సార్?" కిషన్ గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "పది నెలలు మీకు చాయ్ మోసిన. ఒక్కనాడన్న, నువ్వు తాగినవా అని అడిగినరా? మా నాయిన సారా కాస్తడన్నరు, ఊకున్న. నా మాటను తమాషా జేసి పదిమందికి సూపిచ్చిండ్రు, ఊకున్న. నిన్నటిదాంక బటన్ ముట్టనియ్యలేదు. ఇయ్యాల వాళ్ల కడుపు కొట్టనీకే ఇంజనీర్నయితినా? వాళ్లు అడుక్కతినేటోళ్లు గాదు. నేను బెల్టు నడిపిచ్చిన్నని తెలిసి గూడ నాకు బువ్వ పెట్టిండ్రు."

"నోరు లేస్తోందే. సరిగ్గా మాట్లాడు ముందు."

"గిట్లనే మాట్లాడుత సార్. గిట్లనే పోత."

ఎర్ర బటన్ నొక్కాడు. బెల్టు బరువుగా మూలిగి ఆగింది. హెల్మెట్ తీసి, పొద్దున చూపించిన ఆ కుర్చీలో పెట్టాడు.

"వెళ్లు. నీ ఏడాది గోదాట్లో కలిసిందనుకో" అన్నాడు మూర్తి వెనకనుంచి.

అన్నట్టే కలిసింది. సంతకం రాలేదు. "ఆ ఒక్కపూట నోరు మూసుకుంటే ఏం పోయేది" అని తండ్రి చాంద్యా తండా అంతా వినేలా తిట్టాడు. తోటివాళ్లు డిప్లొమాలు తీసుకుంటుంటే, కిషన్ జనగామ సబ్‌స్టేషన్‌లో ఏడాది శిక్షణ మొదటి నుంచి మొదలుపెట్టాడు. రాష్ట్రం వచ్చింది. కొలువూ వచ్చింది. అనుమానం మాత్రం పోలేదు. తను బయటికి వచ్చింది వాళ్ల కోసమా, తనకు తగిలిన మాట కోసమా? మూర్తి మెత్తగా పలకరించి ఉంటే సాయంత్రం దాకా బెల్టు నడిపేవాడేనా? నడిపేవాడేమో. అలా అనిపించినప్పుడల్లా పూజలో చెయ్యి ఆగిపోయేది. రాధమ్మ బాకీ తీర్చడానికి పోవాలన్నా అదే అడ్డం వచ్చేది.

ఈ ఏడు భార్య నీలితో కాళేశ్వరం పోయాడు. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ముందు యముడికి మొక్కి, తర్వాత శివుడికి మొక్కాలి.

"ఒక్క పీట మీద గీ ఇద్దరు ఎట్ల సర్దుకుంటరో" అంది నీలి నవ్వుతూ.

యముడు, శివుడు ఒక్క పీట మీద ఉన్నప్పుడు, కోపం, మంచి ఒక్క పనిలో ఉండకూడదా అనిపించింది కిషన్‌కు. తిరుగుదారిలో భూపాలపల్లిలో బండి ఆపించాడు. అన్నదానానికి ఇవ్వగా మిగిలిన సొంత పొలం బియ్యం సంచి చేత పట్టుకుని, అడుగుతూ అడుగుతూ రాధమ్మ ఇల్లు పట్టుకున్నాడు.

బిక్షపతి మంచం మీద ఉన్నాడు. బొగ్గు నలిగే మోతకు చెవులు పోయాయి. రాధమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం చెరుగుతోంది.

"ఎవరు బిడ్డా?"

"హెల్మెట్ దొరను అక్కా."

చేట ఆగింది. కళ్లు చిన్నవి చేసి చూసి, ఆమె ఒక్కసారిగా నవ్వింది. ఎసరు కాగేలోపు కిషన్ అన్నీ చెప్పాడు. చివరకు ఇన్నేళ్లూ నోటిదాకా వచ్చి ఆగిన మాట కూడా అనేశాడు. "ఆ దినం నేను బయటికచ్చింది కోపంల అక్కా. మీ కోసం గాదేమో."

"మేం మాత్రం ఎందుకొచ్చినం? మేం గూడ కోపానికే రోడ్డెక్కినం. కోపం లేకుంటే ఆ ఎండల ఎవడు కూసుంటడు బిడ్డా?"

కిషన్ సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు బియ్యం తీసి ఎసట్లో పోశాడు.

"గిన్నేండ్లకా? మిత్తి ఏది?" అంది రాధమ్మ.

వడ్డీ కింద ఇంకో పిడికెడు పోశాడు. ఆమె మూత పెట్టి, మంట ఎగదోసింది.