తెర మీద చెరిగిన పేరు

"ఒకే ఇంటివాళ్లం. పాఠాల మీద నీ పేరుంటే ఏంటి, నా పేరుంటే ఏంటి?" అన్నాడు ఎలోయ్ మూడోసారి.

"తేడా లేనప్పుడు నాదే ఉండనీ," అంది నిల్దా, వేరుశనగ సూపు గిన్నె అత్తగారి వైపు జరుపుతూ.

ఆదివారం భోజనం మొదలై గంటయింది. వాదన మాత్రం గురువారం నుంచీ నడుస్తోంది.

కొచబాంబా నగరంలో ఈ భార్యాభర్తలిద్దరూ ఒకే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతారు. నిల్దా ఏడేళ్లు కూర్చుని నీటి పరీక్షల పాఠాలు రాసి, ఆన్‌లైన్‌లో ఉమ్మడి ఫోల్డరులో పెట్టింది. విద్యార్థులు తమ లెక్కలు అందులోనే చేస్తారు, ఆమె పక్కనే దిద్దుతుంది. ఎలోయ్‌కి ఆ ఫోల్డరు తెరవడం కూడా కూతురు ఆరెలి నేర్పిందే. కానీ ఆన్‌లైన్ బోధనకు అధిపతిని నియమిస్తారని తెలియగానే ఆయనకు ఆ పాఠాల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. దరఖాస్తుకు నమూనా పాఠాలు జతచేయాలి మరి.

గురువారం ఉదయం తన గదిలో తలుపేసుకుని, పాఠం మొదటి పేజీలో భార్య పేరు చెరపడం మొదలుపెట్టాడు. నకలు తీసుకున్నాననుకున్నాడు. తీసుకోలేదు. సరిగ్గా అప్పుడే అదే ఫైలు నిల్దా తరగతిలో తెర మీద ఉంది. ఆమె పేరు ఒక్కో అక్షరమే మాయమవుతుంటే నలభై మంది విద్యార్థులు నోళ్లు తెరుచుకుని చూశారు. చెరుపుతున్న కర్సర్ గీత పక్కనే చిన్న ఎర్ర పెట్టెలో 'ఎలోయ్ అరాన్సిబియా' అని మెరుస్తోంది. కాసేపటికి ఆ ఖాళీలో అదే పేరు, ముందు 'డాక్టర్' తగిలించుకుని మరీ వచ్చి కూర్చుంది.

"మేడం, సార్ చేసేదంతా మాకు కనబడుతోందని ఆయనకి చెప్పమంటారా?" అంది వెనక బెంచీలోంచి ఒకమ్మాయి.

ఆ సాయంత్రం ఎలోయ్ క్షమాపణ అడగలేదు. ఎవరు చెరిపారో ఎక్కడైనా నమోదవుతుందా అని అడిగాడు. ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో ఆ ఫైలే గుర్తుపెట్టుకుంటుందని, ఆన్‌లైన్ బోధనకు అధిపతి కాబోతున్న ఈ పెద్దమనిషికి తెలియదు!

"వాడికి పదవొస్తే మర్యాద ఇంటికే కదమ్మా," అంది అత్తగారు ఇప్పుడు సూపు కలుపుతూ. "ఏదో పొరపాటు, పోనిద్దూ."

"పొరపాటేంటి నానమ్మా? నాన్న కావాలనే చేశాడు. అందరి ముందూ చేయడమొక్కటే పొరపాటు," అంది ఆరెలి.

"నువ్వు నోర్మూసుకుని తిను," అని కసిరి ఎలోయ్ భార్య వైపు తిరిగాడు. "దరఖాస్తుకు రేపే ఆఖరి రోజు నిల్దా. ఫిర్యాదైతే చెయ్యవు కదా?"

"చెయ్యను."

అతని ముఖం వికసించింది. అత్తగారు ఊపిరి పీల్చుకుంది. నిల్దా చెంచా కింద పెట్టి ముగ్గురినీ చూసింది. గొంతు పెంచలేదు.

"రేపు ఆ పదవికి నేను దరఖాస్తు పెడుతున్నాను. ఫైలు ఉన్నదున్నట్టే జతచేస్తాను. ఎవరు రాశారో, ఎవరు చెరిపారో ఎంపిక చేసేవాళ్లే చూసుకుంటారు."