గంట దగ్గర ఆగిపోయే గొంతు

పటేల్‌గూడలో దేవదానం ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన ఒక పాత కంప్యూటరు ఉంటుంది. కిటికీ తెరిస్తే సగం కట్టిన అపార్టుమెంట్ల పిల్లర్లు, వాటి వెనక పెద్ద యంత్రాల ఫ్యాక్టరీ. అక్కడి నుంచి పగలంతా ఒక సన్నటి హోరు వస్తూనే ఉంటుంది. వీధిలో అందరూ ఆ హోరును తిట్టుకుంటారు గానీ దేవదానం తిట్టడు. కళ్లు మూసుకుంటే సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నట్టు ఉంటుందంటాడు.

ఆయన ఉద్యోగమంతా పటాన్‌చెరు వ్యవసాయ పరిశోధనా క్షేత్రంలో వాతావరణం రాయడంలోనే గడిచింది. పొద్దున్నే పొలాల మధ్యకు వెళ్లి, ఎంత వాన పడిందో, గాలి ఎటు వీస్తోందో, రాత్రి ఎంత చల్లబడిందో చూసి రాసేవాడు. రిటైరైన తర్వాత గ్లకోమా అనే కంటిజబ్బు వచ్చి చూపును అంచుల నుంచి కొద్దికొద్దిగా తినేసింది. ఎదుట కూర్చున్న మనిషి ముఖం ఇంకా తెలుస్తుంది. అక్షరాలు మాత్రం నిలవవు.

అందుకని ఆయనకు చదివిపెట్టేది కంప్యూటరులోని ఒక ప్రోగ్రామ్. ఆయనకు నచ్చిన వెబ్‌సైట్లలో ఎక్కడ ఏది కొత్తగా రాసినా తెచ్చి ఒకచోట పేర్చి, ఆడగొంతుతో ఇంగ్లీషులో చదివి వినిపిస్తుంది. అన్నీ వానల కబుర్లే. ఎడారిలో పడిన జల్లు, కొండమీద కురిసిన వడగళ్లు. వాటన్నిటిలోకీ ఆయనకు ఇష్టమైనవి ఉత్తరాన ఎక్కడో ఒక చిన్న దీవిలో ఉండే ఒకామె రాసే కబుర్లు. రోజుకు పది వాక్యాలు కూడా ఉండవు. గాలి ఎలా ఉంది, పక్షులు వచ్చాయా, రేవులో ఎవరు దిగారు, అంతే.

ఆయన భార్య గ్రేస్ బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. ఆ యంత్రం ఇంగ్లీషు వేగం ఆమెకు అందదు. టీ తాగేటప్పుడు దేవదానమే తెలుగులో చెబుతాడు. వినీ వినీ ఆమె దాన్ని "మన దీవి" అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఆ ప్రోగ్రామ్ కూలిపోయింది.

"ఈరోజు తెల్లవారకముందు నుంచే పొగమంచు," అని గొంతు మొదలుపెట్టింది. "రేవు కనబడడం లేదు. మా గేటు కూడా కనబడడం లేదు. ఎక్కడో గంట మోగుతోంది." అక్కడితో గొంతు తెగింది. తెర మీద ప్రోగ్రామ్ మాయమైంది. దేవదానం తడుముకుని మళ్లీ తెరిచాడు. మళ్లీ పొగమంచు, మళ్లీ రేవు, మళ్లీ గంట. మళ్లీ నిశ్శబ్దం. ఆ పొద్దంతా ఆయన అదే వింటూ కూర్చున్నాడు. కొంతసేపటికి గంట మోగిన తర్వాతి నిశ్శబ్దం కూడా ఆ కబురులో భాగమే అనిపించసాగింది. ఫ్యాక్టరీ హోరు కిటికీలోంచి మెల్లగా వచ్చి ఆ నిశ్శబ్దంలో నిండింది.

మధ్యాహ్నం గ్రేస్ అడిగింది.

"ఇయ్యాల మన దీవిల ఏం సంగతి?"

"మస్తు పొగమంచు పట్టిందంట," అన్నాడు దేవదానం. "ఏం కనవడ్తలేదంట. పొద్దుగాల పోయిన పడవ ఒకటి తిరిగి రాలే. దారి దొరుకుతలేదు. లోపలున్నోళ్లు ఒకరి తర్వాత ఒకరు గంట కొడుతున్నరు, ఒడ్డునున్నోళ్లు వింటరని."

అబద్ధం చెబుతున్నానని ఆయనకు తెలియదు. కుర్చీలో కన్ను మూతపడినప్పుడు అదంతా ఆ గొంతే చదివింది. పడవ అంచు తడిగా ఉండడం, గంట తాడు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారడం, అన్నీ ఆయన విన్నాడు.

"అయ్యో," అంది గ్రేస్. "పిల్లలున్నరా అండ్ల?"

"ఉన్నట్టున్నరు."

ఆదివారం చర్చిలో స్త్రీల కూటంలో గ్రేస్ ఆ పడవ కోసం ప్రార్థన అడిగింది. అందరూ మోకాళ్లూని ప్రార్థించారు.

పైపోర్షన్‌లో కిరాయికి ఉండే జ్యోతికి ఈ సంగతీ, కంప్యూటరు మొరాయిస్తున్న సంగతీ మెట్ల మీద గ్రేస్ చెప్పింది. జ్యోతి ఒక మాత్రల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. ఆ వారం ఆమెది మధ్యాహ్నం షిఫ్టు. గ్రేస్ చెప్పిన పడవ ఆమెతో పాటు కంపెనీ బస్సెక్కింది. ఇస్నాపూర్ దగ్గర ట్రాఫిక్ ఆగితే, ట్యాంకర్లు లేపిన తెల్లటి దుమ్ములో ముందున్న బస్సు మసకబారిపోతే, జ్యోతికి ఆ పడవలో వాళ్లు గుర్తొచ్చారు. ల్యాబులో గాజుగొట్టంలో మందు నీళ్లలో కలిసి పాలలా తెల్లబడుతుంటే ఒక్క క్షణం చేతిలో పని మరిచిపోయింది.

మరునాడు పొద్దున ఆమె కిందికి దిగి వచ్చింది.

"అంకుల్, కంప్యూటర్‌ల ఏదో ఆగిపోతున్నదంట గద. జెర చూడనా?"

"ఆగుతలేదు బిడ్డా, మాయమైతున్నది," అన్నాడు దేవదానం. "మాట్లాడుకుంట మాట్లాడుకుంట పోతది. మాట మధ్యల మనిషి లేచిపోయినట్టు."

"మా ల్యాబ్‌ల మిషన్ గిట్ల చేస్తే ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తం. రెండు మారిస్తే దేంతోని బాగైందో తెల్వదు."

ఆమె మొదట కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. లాభం లేదు. ఆయన పేర్చుకున్న వెబ్‌సైట్ల పేర్లు ఒక పక్కన భద్రం చేసి, ప్రోగ్రామ్‌ను తీసేసి కొత్తగా ఎక్కించింది. పొగమంచు, రేవు, గంట, నిశ్శబ్దం. తర్వాత గొంతును ఆపి చూసింది. ప్రోగ్రామ్ కదలకుండా తెరిచే ఉంది. అయితే తప్పు గొంతుదే అనుకుని, ఆడగొంతు తీసి మగగొంతు పెట్టింది. ఆ మగగొంతు కూడా గంట మోగించి వెళ్లిపోయింది.

"ఆ గొంతు వద్దు బిడ్డా," అన్నాడు దేవదానం మెల్లగా. "దీవి ఆమె అట్ల మాట్లాడది."

జ్యోతి పాత గొంతే పెట్టింది. ఆమెకు బస్సు టైమైంది. తెల్లారి మళ్లీ వచ్చినప్పుడు దేవదానం అప్పటికే రెండుసార్లు విని ఉన్నాడు. ఆ నాలుగు ముక్కలే చాలన్నట్టు ప్రశాంతంగా కూర్చున్నాడు.

"అంకుల్, ఒకటడుగుత. ఇది ఎప్పుడూ ఒక్క దగ్గర్నే పోతదా, ఎక్కడవడితే అక్కడ పోతదా?"

"గంట దగ్గర."

"ప్రతిసారి?"

"ప్రతిసారి గంట దగ్గర్నే. నీకు తెల్సనుకున్న."

జ్యోతి కూడా నిన్న చాలాసార్లు వింది. కానీ ఆమె కళ్లు తెర మీద ఏం తప్పు కనబడుతుందా అనే చూశాయి, చెవులు ఆ కబురును పట్టించుకోలేదు. గొంతు ఆపేసి, దీవి పేజీని వేలితో కొంచెం కొంచెం కిందికి జరిపింది. గంట వాక్యం దాటగానే ఒక బూడిదరంగు చదరం కనబడింది. అది పైనుంచి మెల్లగా తెల్లబడసాగింది. సగం తెల్లబడేలోగా ప్రోగ్రామ్ మాయమైంది.

"దొరికింది," అందామె. "గొంతు ఎంతవరకు చదివితే పేజీ అంతవరకు కిందికి జరుగుతది. గంట అయిపోంగనే ఒక ఫొటో వస్తది. మస్తు పెద్ద ఫొటో. మీ పాత కంప్యూటర్ దాన్ని మొయ్యలేక కూలుతున్నది. చదువుడు పూర్తికాలే గనక, మళ్ల తెరిస్తే మళ్ల అదే మొదలువెడుతున్నది."

"నాకు ఫొటోలతోని ఏం పని? రానియ్యకు."

సెట్టింగులలో ఫొటోలు రాకుండా ఆపే చోటు వెతికి నొక్కింది జ్యోతి. గొంతు మొదలైంది. గంట మోగింది. దేవదానం కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాడు. గొంతు ఆగలేదు.

"ఆ గంట రేవు చివర స్తంభానికి కట్టింది. గాలికి అదే మోగుతుంది. సరుకులు తెచ్చే ఫెర్రీ రాలేదు, అందుకని రొట్టె లేదు. ఇంట్లో ఉన్న బంగాళాదుంపలు ఉడకబెట్టుకున్నాం. పొగమంచు ఎలా ఉందో చూడండని రేవు మొత్తాన్ని ఫొటో తీసి పెట్టాను."

అంతే. గ్రేస్ టీ కప్పులతో వచ్చి నిలబడింది.

"బాగైందా? పడవ ఒడ్డుకు వచ్చిందా మరి?"

జ్యోతి దేవదానం వైపు చూసింది. ఆయన భార్య గొంతు వైపు తల తిప్పాడు.

"గ్రేస్, పడవ ముచ్చట ఆమె రాయలే."

"మరి ఎవరు రాసిన్రు?"

"ఎవరు రాయలే. నేను కుర్చీల నిద్రవోయినట్టున్న. నిద్రల గూడ అదే గొంతు వినవడ్డది."

గ్రేస్ కప్పులు బల్ల మీద పెట్టింది. ఆమె ముఖంలో కోపం కంటే ఏదో పోగొట్టుకున్న బాధే ఎక్కువగా ఉంది.

"అందరం మోకాళ్లమీద ఉంటిమి," అంది. "మన కూటంల తేజస్విని అయితే ఏడ్చింది గూడ, ఆ పిల్లల కోసం."

"నాకు పడవ ఉన్నట్టే ఉండె గ్రేస్."

పడవ లేదంటే తనకెందుకు ఇంత వెలితిగా ఉందో జ్యోతికి అర్థం కాలేదు. ఫోను తీసి ఆ దీవి పేజీ తెరిచి, ఫొటో నిండేదాకా ఆగి, గ్రేస్ చేతికిచ్చింది. గ్రేస్ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. ఎంత జరిపినా తెలుపే.

"ఎట్లున్నది?" అన్నాడు దేవదానం. "చెప్పు నాకు."

గ్రేస్ మొదట చెప్పకూడదనే అనుకుంది. తర్వాత ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అంత తెలుపే. కానీ ఒక్కతీరుగ లేదు. కిందికేమో బియ్యం కడిగిన నీళ్ల లెక్క. మీదికి పోతుంటే దూది ఏకినట్టు. ఈ మూలకు జెర నల్లగున్నది, స్తంభం గావచ్చు. దాని పక్కన నీళ్లా, ఆకాశమా తెలుస్తలేదు." ఆమె వేలు ఇంకా జరుగుతోంది. "ఇక్కడ జెర ఎల్తురున్నది. సూర్యుడు వెనకున్నడు గావచ్చు."

దేవదానం కళ్లు మూసుకుని విన్నాడు. ఇన్నేళ్లలో దీవి కబురు ఆమె నోటి నుంచి వినడం ఇదే మొదటిసారి.

"పడవ ఉన్నదా?" అని అడిగాడు.

గ్రేస్ చాలాసేపు వెతికింది.

"ఉన్నా గూడ దీంట్ల కనవడదు," అంది.

ఎవరూ తాకకుండానే కంప్యూటరులో గొంతు మళ్లీ మొదలైంది. చదవకుండా పోగుపడిన తర్వాతి రోజు కబురు అది. గ్రేస్ ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పాలె," అంది భర్తతో.

"ఉన్నదే చెప్తున్న," అని దేవదానం ఒక్కొక్క మాటా ఆగి ఆగి తెలుగులో పెట్టాడు. "ఇయ్యాల ఎండ వచ్చిందంట. ఫెర్రీ వచ్చిందంట. రొట్టె వచ్చిందంట. ఒక ముసలామె, రెండు గొర్రెలు దిగినయంట. అంతే రాసింది."

"ముసలామె ఎవరంట?"

"రాయలే."

సందు చివర హారన్ జ్యోతికి వినబడింది. కంపెనీ బస్సు. ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది కానీ లేవలేదు. టీ చల్లారుతోంది. ఫ్యాక్టరీ హోరు గదిలోకి వస్తూ పోతూ ఉంది.

గ్రేస్ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడిచింది.

"రాయకపోతే రాయలే," అంది. "మీరేమనుకుంటున్నరు? ఎవరై ఉంటది?"

దేవదానం కుర్చీలో వెనక్కి వాలి, ఆ ముసలామెను చూడడానికన్నట్టు కళ్లు మూసుకున్నాడు.