షెడ్డులో సవతి

టైలరమ్మ పదకొండేళ్ళుగా వంటింట్లోనే బట్టలు కుడుతోంది. ఒక పక్క స్టవ్వు, ఒక పక్క కుట్టు మిషను, మధ్యలో ఆవిడ. ఒకరి భుజం కొలత తీసుకుంటూనే కూర మాడకుండా చూసుకోవాలి. ఇంటిపక్కన అంత రేకుల షెడ్డు ఉంది కదా, అందులో కుట్టుకోవచ్చుగా అంటారేమో. ఉంది. అందులో సవతి ఉంది.

అయ్యో, మీరు ఇంకోలా అనుకునేరు! సవతంటే కారు. దాని వయసు యాభై ఎనిమిదేళ్ళు. గుండ్రటి దీపాలు, వంకాయ రంగు ఒళ్ళు. తుక్కు కొట్టులో పడున్నదాన్ని ఆవిడ భర్త తెచ్చి నెత్తిన పెట్టుకున్నాడు. ఆయన కార్ల సొట్టలు తీసి రంగు వేసే మేస్త్రి. ఎవరి కారైనా చెప్పిన రోజుకి అప్పగించే మనిషి, ఈ ఒక్క కారుకి మాత్రం గడువన్నది పెట్టుకోలేదు.

కొంటామని జనం రాకపోలేదు. వచ్చినవాళ్ళని మేస్త్రి మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, చట్టం చెప్పి పంపించేవాడు. పాత కారు చేతులు మారాలంటే ఐదేళ్ళు ఆగాలని ఒకరికి చెప్పాడు. కొన్నాక ఏడాదికి రెండుసార్లు హారన్‌కి పరీక్ష చేయించాలని ఇంకొకరికి చెప్పాడు. వింటున్న టైలరమ్మకే తల తిరిగిపోయేది, కొనేవాళ్ళ సంగతి చెప్పాలా!

కానీ ఈసారి ఆవిడకి ఆగడానికి వీల్లేదు. స్కూలు హెడ్మాస్టరమ్మగారు నాలుగు వందల యూనిఫారాలు కుట్టమంటోంది. మూడు మిషన్లు పట్టే చోటు సోమవారంలోగా చూపించాలి, లేదంటే పని ఇంకొకరికి పోతుంది. ఇన్నేళ్ళలో అలాంటి పని రావడం ఇదే మొదటిసారి. సరిగ్గా ఆ వారమే పళ్ళ డాక్టరు కారు అడగడానికి వచ్చాడు.

"ధరలో సగం పన్నుకే పోతుంది డాక్టరుగారూ," అన్నాడు మేస్త్రి. "అది కాక పొగ మీద వేరే పన్ను."

డాక్టరు కాఫీ సగంలోనే వదిలేసి లేచాడు.

"సగమేంటండీ, నిజంగానా?" అంది టైలరమ్మ.

"చట్టం మనం రాశామా?" అని మేస్త్రి పెద్దగా నిట్టూర్చాడు. నిట్టూర్చినవాడు నిట్టూర్చినట్టు ఉండాలా, ఈల వేసుకుంటూ షెడ్డులోకి నడిచాడు. ఆ ఈల దగ్గరే టైలరమ్మకి అనుమానం పుట్టింది.

మర్నాడు ఆవిడే బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళింది.

"యాభై ఏళ్ళు దాటిన కారు, అసలు రూపంలోనే ఉంటే, అమ్మినా కొన్నా పన్ను లేదమ్మా," అన్నాడు గుమాస్తా. "ఇన్‌స్పెక్టరు వచ్చి, బానెట్ కింద రేకు మీద చెక్కిన ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటాడు. తర్వాత సంతకాలు. సగం పన్నని ఎవరు చెప్పారు?"

"మా ఆయనండీ. సొట్టల మేస్త్రి."

గుమాస్తా పగలబడి నవ్వాడు. "ఆయనా! నెల తప్పకుండా వస్తాడమ్మా. పాత కారు అమ్మకుండా ఆపే రూలేమైనా వచ్చిందా అని అడుగుతాడు. రాలేదంటే మొహం వేలాడేసుకుని పోతాడు." పుస్తకం తిరగేసి మళ్ళీ అన్నాడు. "అయినా కారు మీ పేరు మీదే ఉంది. అమ్మాల్సింది మీరు."

"నా పేరు మీదా?" అంది టైలరమ్మ. అప్పట్లో ఆయన ఏవో కాగితాలిస్తే చూడకుండా సంతకం పెట్టింది. ఎంత ప్రేమ మనిషికి!

"ఆయన పేరు మీద స్కూటరుంది కదమ్మా. రెండో బండికి పన్ను ఎక్కువ, అందుకని."

చెవిలో ఎన్ని పువ్వులు పెట్టించుకుందో టైలరమ్మకి అప్పుడు తెలిసొచ్చింది. దారిలోనే డాక్టరుకి ఫోన్ చేసింది. ఇంటికొచ్చి, "ఏవండోయ్, ఆ సగం పన్ను మొత్తం ఎత్తేశారట!" అంది. మేస్త్రి ఈల సగంలో ఆగింది.

శనివారం డాక్టరుతో పాటు ఇన్‌స్పెక్టరు వచ్చి బానెట్ ఎత్తించాడు. లోపల ఎటు చూసినా అద్దంలా మెరిసే వంకాయ రంగే, నంబరు మాత్రం లేదు.

మేస్త్రి మొహం పాలిపోయింది. "అక్కడ గుంటలు గుంటలుగా ఉంటే... చూడ్డానికి బాగాలేదని... లప్పం పెట్టి నున్నగా చేశాను సార్." ఈసారి అబద్ధం కాదు. సొట్ట కనబడితే పూడ్చే చెయ్యి, నంబరుని కూడా పూడ్చేసింది.

"నంబరు లేకపోతే చట్టప్రకారం ఈ కారు లేనట్టే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేకపోవడమేంటండీ! పదకొండేళ్ళుగా నా షెడ్డు నిండా ఉన్నదేంటి మరి?" అంది టైలరమ్మ.

రంగు గీకి నంబరు చూపించాలన్నాడు ఇన్‌స్పెక్టరు. మేస్త్రి గరుకు కాగితం పట్టుకుని వంగాడు, చెయ్యి కదల్లేదు. నేను గీకనా అన్నాడు డాక్టరు.

"మీరు వెళ్ళి పళ్ళు గీక్కోండి డాక్టరుగారూ!" అని మేస్త్రి కసిరాడు. తర్వాత కాగితం భార్య చేతిలో పెట్టాడు. "నువ్వు గీకు. నీ చెయ్యి నెమ్మది."

ఆవిడ గీకింది. అంత అందమైన పనిని పాడుచేస్తుంటే ఆవిడకే ప్రాణం ఉసూరుమంది. మొదటి అంకె నాలుగు. అది బయటపడేసరికి, మేస్త్రి అటు తిరిగి నిలబడి మిగతావన్నీ వరసగా చెప్పేశాడు. ఒక్కటీ తప్పలేదు. ఆయన మీద జాలేసింది. జాలి పడుతూనే సంతకం పెట్టింది.

కారు వెళ్ళిపోయాక షెడ్డు ఇంత పెద్దదా అనిపించింది. మేస్త్రి మిషను మోసుకొచ్చి వెలుతురు పడేచోట దించాడు. కాసేపు దాన్ని అటూ ఇటూ జరిపి, చివరికి అడిగాడు.

"ఆఫీసు పది నిమిషాల నడకే కదా. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా వెళ్ళి అడగలేదేం?"

దెప్పడానికి ఆవిడ దగ్గర వారానికి సరిపడా మాటలున్నాయి. వాటిని పక్కన పెట్టి సూదిలో దారం ఎక్కించింది.

"మీరు చెప్పారు కదండీ," అంది. "నమ్మాను."

మేస్త్రి తల దించుకున్నాడు. కారు డబ్బుతో రెండో మిషను కొనుక్కొస్తానని బయటికి నడిచాడు.