తినని బంటు

చదరంగం బల్ల మీద బంటును ఎరగా వదిలి కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఎదురుగా మామగారు. వాచీలు బాగుచేసే చేతులు ఆయనవి. చదరంగం క్లబ్బు జట్టుకు కెప్టెన్ కూడా ఆయనే. ఆట మధ్యలో నోరు విప్పరని అక్కడ అందరూ మౌనిగారంటారు. వచ్చే వారం పోటీలకు వెళ్ళే జట్టులో ఒక చోటు ఖాళీగా ఉంది. కాలేజీ రోజుల నుంచీ ఆమెకు ఆ ఆశ. అడగ్గానే ఆయన, "ఆదివారం నాతో ఆడు. ఓడకుండా నిలబడితే నీ పేరు రాస్తాను. కోడలివని మాత్రం రాయను," అన్నారు.

పెళ్ళయి ఇంకా మురిపెం తీరలేదు. అయినా వారమంతా సాయంత్రాలు వరండాలో మొగుడితో సాధన చేసింది. అతనికి ఆట నేర్పింది తండ్రే కాబట్టి, కొడుకు ఎత్తులు చదివితే తండ్రి ఎత్తులు తెలిసిపోతాయని ఆమె లెక్క. ఈ బంటు కనిపిస్తే చాలు, అతను ఆవురావురుమంటూ మంత్రితో తినేసేవాడు. అంచున కాపలా ఉన్న ఆమె గుర్రం ఆ మంత్రి వెనక్కి వెళ్ళే దారి మూసేసేది. అతను నెత్తిన చేతులు పెట్టుకుంటే ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది.

మామగారు బంటును చూశారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. మంత్రిని ముట్టుకోకుండా ఏనుగును ఆమె రాజు వైపు జరిపారు.

ఆమె లెక్క తప్పింది. మూలన బట్టలు మడతపెడుతున్న భర్త వంక చూసింది. అతను మడతపెట్టిన తువ్వాలునే మళ్ళీ విప్పుతున్నాడు. తలెత్తలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

అంటే ఇతగాడు వారమంతా కావాలనే తిన్నాడన్నమాట, ఆమె నవ్వు చూడ్డానికి! తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. రెండింటికీ ఇప్పుడు తీరిక లేదు. ఆమె రాజు చుట్టూ ఉచ్చు బిగుస్తోంది. రాని మంత్రి కోసం గుర్రం అంచునే పడిగాపులు కాస్తోంది.

మరో నాలుగు ఎత్తులయ్యాక మామగారి బంటు ఒకటి ముందుకొచ్చి ఆ గుర్రం మీదికే గురిపెట్టింది.

గుర్రాన్ని తప్పించబోయి ఆగిపోయింది. వరండా గుమ్మంలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునే మామగారు గుర్తొచ్చారు. ఎంతసేపటికీ పేజీ తిరిగేది కాదు. గుర్రానికి ఆపదొస్తే చాలు, ఆమె అన్నీ మరిచి దాన్ని కాపాడుకోవడం ఆయన రోజూ చూశారు. ఇప్పుడూ అదే చేస్తుందనుకుంటున్నారు. చేస్తే మరుక్షణం ఆయన మంత్రి లోపలికొస్తుంది, ఆట కట్టు.

గుర్రాన్ని దాని ఖర్మకు వదిలేసింది. తన మంత్రిని పట్టుకుని ఆయన రాజు వైపు దూకించింది.

"చెక్."

ఆయన రాజు పక్కకు తప్పుకుంది. ఆమె మళ్ళీ చెక్ చెప్పింది. రాజు వెనక్కొచ్చింది. దానికి ఆ రెండు గళ్ళే గతి. గుర్రాన్ని తినడానికి ఆయనకు ఊపిరి సలపలేదు. అదే స్థితి మూడోసారి వస్తే ఆట సమం; అందాకా ఆమె చెక్ చెబుతూనే ఉంది.

"డ్రా," అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "గుర్రాన్ని కాపాడుకుంటావనుకున్నానమ్మా."

"మీరు బంటు తింటారనుకున్నాను, మామయ్యగారూ."

ఆయన జేబులోంచి పెన్ను తీసి జట్టులో ఆమె పేరు రాశారు. "రేపట్నుంచి నాతో ఆడు. వీడితో ఆడితే ఉన్న ఆట కూడా పోతుంది."

"మధ్యలో నేనేం చేశాను నాన్నా?" అన్నాడు భర్త తువ్వాలు చాటునుంచి.

ఆమెకు నవ్వాగలేదు.